ఊ కొట్టని కన్ను

కెమెరా ఊ కొట్టదు.
మొదటి రోజే నుగ్జార్ మామయ్య పసిగట్టిన సంగతి ఇది.

త్బిలిసీలో పాత మేడ, ఆరో అంతస్తు.
కిటికీలకు రెండు దుప్పట్లు, తలుపు సందులో తువాలు.
ఫ్రిజ్ గుర్రు వినపడకుండా స్విచ్ కట్టేసి
మా ఇంటి తాళంచెవి అందులోనే పెట్టాను,
వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మరిచిపోకుండా.

గది మధ్యలో పొట్ట విప్పిన పియానో.
దాని ముందు
నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పియానోలకు శ్రుతి సరిచేసిన మనిషి
పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు
ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి.

"పాఠం ఒకటి. శ్రుతి అంటే..."
ఆగిపోయాడు.
"ఇంతకీ ఎవరికి చెబుతున్నాను?"

లెన్స్ పక్కన కాగితం మీద రెండు కళ్ళు గీసి అంటించాను.
ఇదిగో నీ శిష్యుడు, అన్నాను.
"వీడికి చెవులేవీ?" అన్నాడు.
చెవులు కూడా గీశాను.

మొదటిసారి చెబుతుంటే
నాణెం వేస్తేగానీ కదలని లిఫ్టు కీచుమంటూ ఎక్కింది.
రెండోసారి పైన ఎతేరి అక్రోట్లు దంచడం మొదలుపెట్టింది.
మూడోసారి వాకిట్లోంచి పెరుగమ్మే ఆవిడ కేక,
అది ఏ స్వరమో మీట నొక్కి చూపించి మరీ నవ్వాడు.
నాలుగోసారి
ఎంత బాగా చెప్పాడో చెప్పలేను,
చేతులు కూడా మాట్లాడాయి.
రికార్డు నొక్కనేలేదు నేను.

ఇక లాభం లేదని
కెమెరా వెనక పీట వేసుక్కూర్చుని ఊ కొట్టడం మొదలుపెట్టాను.
ఊ.
అప్పుడు కదిలింది బండి.

"రెండు తీగలు ఒకే మాట అంటున్నట్టుంటుంది. అబద్ధం.
చెవి దగ్గరపెట్టు. మధ్యలో ఒక అల ఊగుతోంది, విన్నావా?"
ఊ.
"తిప్పుతున్నాను. అల సాగుతోంది."
ఊ.
"ఇంకొంచెం. వెంట్రుక వాసి."
తర్వాత చెయ్యి తీసేశాడు,
నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

రాత్రి కూర్చుని ఎడిట్ చేశాను.
దగ్గులు తీశాను, పద్నాలుగు "అదేమంటే"లు తీశాను,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
నా ఊలన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశాను.
ఆ నేలచూపుల పదకొండు సెకన్లు కూడా.
రెండు సెకన్లు దాటి మౌనం ఉంటే చూసేవాళ్ళు జారుకుంటారని
కోర్సు కంపెనీవాళ్ళు ముందే రాశారు.

మర్నాడు కళ్ళజోడు నుదుటికెక్కించి చూశాడు మామయ్య.
"పాఠమేదీ?"
అదే కదా, అన్నాను.
"నా మాటలన్నీ ఉన్నాయి. పాఠం లేదు.
తీగ పూర్తిగా ఆరిపోయేదాకా వినాలి పిల్లా.
దాని తప్పు బయటపడేది ఆ తోకలోనే."
జనం వెళ్ళిపోతారు మామయ్యా.
"పోనీ.
ఈ గదికి నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది.
ఏడుగురు పారిపోయారు.
వాళ్ళని వీడియో తరిమిందా?"

అలిగి కాఫీ పెట్టుకున్నాను, అతనికివ్వలేదు.
తర్వాత ఇచ్చాను.

ఆ పదకొండు సెకన్లు వెనక్కి పెడుతూ
హెడ్‌ఫోన్స్‌లో విన్నాను:
తీగ సన్నబడుతోంది,
చొక్కా చెయ్యి చెక్కకి రాసుకుంది,
పైన దంపుడు ఎప్పుడో ఆగిపోయింది, ఎతేరి కూడా విందేమో.
తీగ ఉందో లేదో తెలియని చోట,
పదో సెకను దాటాక,
ఒక ఊ.
నాదే. అన్నట్టు నాకు గుర్తే లేదు.
అంతకుముందువన్నీ అతని కోసం కొట్టినవి.

దాన్ని తీయలేదు.

నెల తిరిగాక లెక్కలొచ్చాయి.
కంపెనీ చెప్పినట్టే ఆ మౌనం దగ్గర
గీత మెట్లు దిగినట్టు పడిపోయింది.
కానీ చివర్న చిన్న బొడిపె,
ఎవరో వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు.
మామయ్యకు చూపిస్తే
"వాడి పేరేంటి?" అన్నాడు.
తెలీదన్నాను.
"వాడికి చెవులున్నాయి" అన్నాడు.

ఆ సాయంత్రం రెండో పాఠం ముగించి
ఫ్రిజ్‌లోంచి తాళంచెవి తీసుకున్నాను, మంచుముక్కలా ఉంది.
స్విచ్ వేశాను. గుర్రుమంది.
తలెత్తకుండానే అన్నాడు మామయ్య,
"నిన్నటికన్నా కాస్త దిగింది."